మసాలా ఫ్యాక్టరీలో పని కావాలా? ముందు పొడి ఎక్కడ చెడుతుందో తెలుసుకోండి

మసాలా ఫ్యాక్టరీ అనగానే బయటివాళ్లకు రెండే పనులు గుర్తొస్తాయి: మర దగ్గర నిలబడటం, ప్యాకెట్లు అట్టపెట్టెల్లో సర్దటం. అందుకే దరఖాస్తులో "ఏ పని ఇచ్చినా చేస్తాను" అని రాసి పంపుతారు. చదవడానికి వినయంగానే ఉంటుంది గానీ, మిమ్మల్ని ఎక్కడ నిలబెట్టాలో ఆలోచించే పని ఎదుటివాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్లకు అంత తీరిక ఉండదు.

పొడుల లైన్ల మీద క్వాలిటీ పని చేసి, తర్వాత కొత్తవాళ్లను ఎంపిక చేసే బల్లకు ఇవతల కూర్చున్న అనుభవంతో చెప్తున్నాను. ఈ పరిశ్రమలో ప్రతి ఉద్యోగం వెనకా ఒక భయం ఉంటుంది. రాయి వస్తుందేమో, బూజు పడుతుందేమో, రంగు కలిసిందేమో, తూకం తగ్గుతుందేమో అని. వాటిలో ఏ భయాన్ని మీరు తీర్చగలరో తేల్చుకుంటే ఏ పని అడగాలో మీకే తెలుస్తుంది.

1. సరుకు వెంట ఒకసారి నడవండి

లోపలికి అడుగు పెట్టకముందే లైన్ మొత్తం మీ బుర్రలో ఉండాలి. కష్టమైన విషయమేమీ కాదు. ఏ పొడైనా దాదాపు ఇదే దారిలో వస్తుంది.

మొదట లారీలో ముడిసరుకు దిగుతుంది. ఇక్కడి భయం తేమ. మిరప, పసుపు, మిరియాల్లాంటి వాటిలో తేమ 10 నుంచి 12 శాతం లోపే ఉండాలని కొనేవాళ్లు పట్టుబడతారు. అది దాటిన సరుకు గోడౌన్‌లో కూర్చుంటే బూజు పట్టే ప్రమాదం ఉంటుంది. అస్పర్‌జిల్లస్ జాతి బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. తర్వాత ఎంత వేయించినా అది పూర్తిగా పోదు. యూరప్ దేశాలు ఎన్నో రకాల మసాలా దినుసుల్లో అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదని గీత గీశాయి. కిలోలో 5 మైక్రోగ్రాములంటే రెండు వందల టన్నుల సరుకులో ఒక్క గ్రాము. అందుకే లారీ సరుకు దిగే ప్రతిసారీ శాంపిల్ తీసే మనిషి ఒకరు ఉంటారు. సంచిలోకి గొట్టం గుచ్చి పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి సరుకు లాగి కలిపేది వాళ్లే. నోరు విప్పి ఉన్న సంచి నుంచి గుప్పెడు తీసి సరిపెట్టేవాడు ఆ పనికి పనికిరాడు. చదువు తక్కువైనా నిజాయితీ ఉన్నవాళ్లకు ఇది మంచి తలుపు.

తర్వాత శుభ్రం చేయడం. రాళ్లు తీసే యంత్రం, బరువును బట్టి తాలు వేరుచేసే యంత్రం, కెమెరాతో రంగు చూసి చెడ్డ గింజను గాలితో కొట్టి పక్కకు తోసే కలర్ సార్టర్, అయస్కాంతాలు వరసగా ఉంటాయి. ఇన్ని ఉన్నా చివర్లో బెల్టు పక్కన నిలబడి కంటితో చూసి ఏరేవాళ్లు ఇప్పటికీ చాలా చోట్ల ఉన్నారు.

ఆ తర్వాత చాలా కంపెనీల్లో స్టెరిలైజేషన్, అంటే క్రిముల్ని చంపే పని, ఉంటుంది. ఎండిన పొడిలో క్రిముల బెడద ఉండదని కొత్తవాళ్లందరికీ ఉండే అపోహ ఇక్కడ తీరాలి. ఎండిన పొడిలో క్రిములు పెరగలేవు గానీ, చావకుండా నెలల తరబడి ఉండగలవు. జబ్బు చేసే సాల్మొనెల్లా అనే క్రిమి పొడిలో నిద్రపోయినట్టు పడి ఉండి, ఆ పొడిని తడి వంటకం మీద చల్లగానే లేస్తుంది. అందుకే 25 గ్రాముల శాంపిల్‌లో అది అసలు కనిపించకూడదన్నది కొనేవాళ్లు సాధారణంగా పెట్టే షరతు. దాన్ని చంపడానికి ఎక్కువగా ఆవిరి వాడతారు. కొన్ని దేశాలు ఇథిలీన్ ఆక్సైడ్ వాయువును అనుమతిస్తాయి, యూరోపియన్ యూనియన్ ఆహారంలో దాన్ని నిషేధించింది. ఎగుమతి చేసే కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్తే ఈ తేడా తెలిసి ఉండటం మీకు కలిసొస్తుంది.

ఇక గ్రైండింగ్. అందరూ చూసే పని ఇదే, తక్కువగా అర్థం చేసుకునేదీ ఇదే. మరలో పుట్టే వేడికి వాసననిచ్చే నూనెలు ఎగిరిపోతాయి. ఫ్యాక్టరీ అంతా ఘుమఘుమలాడుతోందంటే ప్యాకెట్లో ఉండాల్సిన వాసన గాల్లో పోతోందన్నమాట. అందుకే ఖరీదైన సరుకుకు కొన్నిచోట్ల మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి చల్లబరిచి మరీ పొడి కొడతారు. మంచి మర ఆపరేటర్ అంటే లోడు ఎంత వేస్తే వేడెక్కదో, ఏ చప్పుడు వస్తే ఆపాలో తెలిసినవాడు. అలాంటివాడు సెలవు పెడితే మేనేజర్‌కు నిద్ర పట్టదు.

జల్లెడ, మిక్సింగ్ తర్వాతవి. మిక్సింగ్‌లో తూకం ఎంత ముఖ్యమో అలర్జీ జాగ్రత్త అంత ముఖ్యం. 2014 చివర్లో, 2015 మొదట్లో జీలకర్ర పొడిలో వేరుశనగ ఆనవాళ్లు బయటపడి అమెరికాలో వరసగా ఉత్పత్తులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నువ్వులు, ఆవాలు కూడా చాలా దేశాల అలర్జీ జాబితాల్లో ఉన్నాయి. కాబట్టి ఒక రకం మసాలా అయ్యాక ఇంకో రకం మొదలుపెట్టే ముందు యంత్రం కడిగే, తుడిచే పని ఎవరో అల్లాటప్పాగా చేసేది కాదు.

చివరగా ప్యాకింగ్: సీలు, తేదీ ముద్ర, తూకం, మెటల్ డిటెక్టర్. వీటన్నిటి పక్కన ల్యాబ్, స్టోర్స్, మెయింటెనెన్స్, డిస్పాచ్ ఉంటాయి.

2. మీ ఒంటికి, చదువుకు ఏది సరిపోతుందో నిజాయితీగా చూసుకోండి

ఒంటి గురించి ముందు చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ చెప్పరు. మిరప పొడి గాలిలో ఉన్నచోట మొదటి వారం అందరూ దగ్గుతారు, తుమ్ముతారు. కొందరికి అలవాటవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అలవాటవుతుందని ఆశపడటం ప్రమాదం. పొడి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొత్తగా ఆస్తమా వచ్చే అవకాశమూ ఉంది. మీకు పిల్లికూతలు, చర్మం దద్దుర్లు ఉంటే గ్రైండింగ్ జోలికి వెళ్లకండి. ల్యాబ్, స్టోర్స్, ప్యాకింగ్ సామగ్రి విభాగం, లేదా ద్రవరూప ఉత్పత్తులు, సాస్‌లు చేసే యూనిట్లు చూసుకోండి. మెడికల్ పరీక్షలో దాచిపెట్టి చేరినవాళ్లను చూశాను, నెల తిరక్కుండానే మానేశారు.

చదువు సంగతికొస్తే, పది చదివినవాళ్లకు శాంపిలింగ్, ఏరడం, ప్యాకింగ్, హెల్పర్ పనులు దొరుకుతాయి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ శిక్షణ ఉన్నవాళ్లు తమ విలువ తక్కువ అంచనా వేసుకుంటారు. ప్యాకింగ్ యంత్రం ఆగితే గంటగంటకూ నష్టమే, కాబట్టి దాన్ని నడిపించగలిగేవాడికి ఏ ఆహార ఫ్యాక్టరీలోనైనా చోటు ఉంటుంది. రసాయన శాస్త్రం, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్లకు ల్యాబ్, క్వాలిటీ, కొత్త ఉత్పత్తుల తయారీ ఉన్నాయి.

పెద్దగా ఎవరికీ గుర్తురాని చోట్లు రెండు. ఒకటి, మసాలాల నుంచి నూనెలు, ఓలియోరెసిన్లు లాగే యూనిట్లు. ఓలియోరెసిన్ అంటే రంగు, ఘాటు, వాసన అన్నీ ఉన్న చిక్కటి సారం. ద్రావకాలతోనో, ఒత్తిడి పెట్టిన కార్బన్ డయాక్సైడ్‌తోనో తీస్తారు. కెమికల్ ఇంజినీరింగ్, డిప్లొమా వాళ్లకు ఇది సొంత ఇల్లు లాంటిది. రెండోది, చిప్స్, నూడుల్స్, మాంసం ఉత్పత్తుల కంపెనీలకు మసాలా మిశ్రమాలు తయారుచేసి ఇచ్చే సీజనింగ్ కంపెనీలు. దుకాణంలో వీటి పేరు కనబడదు కాబట్టి దరఖాస్తులు కూడా తక్కువే వస్తాయి.

3. చేతికి, ముక్కుకు కాస్త పని చెప్పండి

సర్టిఫికెట్లలో మొదట తీసుకోవాల్సింది ఆహార పరిశుభ్రత మీద చిన్న కోర్సు. మీ దేశపు ఆహార భద్రతా సంస్థ గుర్తించినదై ఉంటే చాలు. సూపర్‌వైజర్ స్థాయికి వెళ్లాలనుకుంటే హాసప్ (HACCP) నేర్చుకోండి. ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి, అక్కడే కట్టడి చేసే పద్ధతి అది. 1960ల్లో వ్యోమగాముల ఆహారం కోసం అమెరికాలో పిల్స్‌బరీ కంపెనీ, నాసా కలిసి దీన్ని రూపొందించాయి. అంతరిక్షంలో కడుపునొప్పి వస్తే డాక్టరు దొరకడు కదా! ఇందులో ఏడు సూత్రాలుంటాయి. వాటిని బట్టీపట్టడం కంటే పైన చెప్పిన దారిలో ఏ చోట ఏ ప్రమాదం అని మీ మాటల్లో చెప్పగలగడం మేలు. 2005లో వచ్చి 2018లో మారిన ఐఎస్‌ఓ 22000 అనే అంతర్జాతీయ ఆహార భద్రతా ప్రమాణం కూడా దీని మీదే నిలబడింది.

డబ్బు ఖర్చు లేని సాధన ఒకటుంది. ఇంట్లో ఉన్న దినుసుల్ని చిన్న గిన్నెల్లో వేసి, కళ్లు మూసుకుని వాసనతో గుర్తుపట్టండి. మొదట గింజలుగా, తర్వాత పొడిగా, ఆ తర్వాత కొత్త పొడి, ఆరు నెలల పాత పొడి పక్కపక్కన పెట్టి. మూడు గిన్నెల్లో రెండింటిలో ఒకే పొడి, మూడోదాంట్లో వేరేది పెట్టి తేడా ఉన్నది ఏదో పట్టుకోండి. రుచి చూసే ప్యానెళ్లలో జరిపే త్రికోణ పరీక్ష ఇదే. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపితే ఎలా కనిపెడతారో కూడా చూడండి: బొప్పాయి గింజ తేలిక, నీళ్లలో వేస్తే తేలుతుంది. బాగా ముదిరిన మిరియం మునుగుతుంది.

ల్యాబ్ మీద మనసున్నవాళ్లు కొలతల భాష కూడా పట్టుకోవాలి. ఘాటును స్కోవిల్ యూనిట్లలో చెప్తారు. 1912లో విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ, నాలుకకు మంట తెలియని దాకా వెళ్లి లెక్క కట్టాడు. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తుంది. మిరప రంగును అస్టా (అమెరికా మసాలా వ్యాపార సంఘం) విలువగా చెప్తారు. రంగును అసిటోన్‌లోకి దింపి 460 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీలుస్తుందో చూస్తారు. రంగు అనగానే కల్తీ గుర్తుకు రావాలి. 2005లో సుడాన్ 1 అనే రంగు కలిసిన మిరప పొడి ఒక సాస్‌లోకి, ఆ సాస్ నుంచి వందలాది తయారీ ఆహారాల్లోకి పాకి బ్రిటన్‌లో వాటన్నిటినీ షెల్ఫుల నుంచి దించాల్సి వచ్చింది. 2023లో అమెరికాలో పిల్లల ఆపిల్ గుజ్జు ప్యాకెట్లలో సీసం దొరికితే, మూలం అందులో వేసిన దాల్చినచెక్క పొడి అని తేలింది. ఇలాంటి సంఘటన ఒకటి సరిగ్గా చెప్పగలిగితే చాలు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు నిటారుగా కూర్చుంటారు.

4. వెతకడం ప్యాకెట్టు వెనక నుంచి మొదలుపెట్టండి

ఉద్యోగాల సైట్లు చూడండి, కాదనను. అయితే ఈ రంగంలో కింది స్థాయి పనులు సైట్ల దాకా రావడం తక్కువ. గేటు దగ్గర, కాంట్రాక్టర్ ద్వారా, లోపల పనిచేసేవాళ్ల మాట మీద నిండిపోతాయి.

దుకాణానికి వెళ్లి మసాలా, పచ్చళ్లు, చిరుతిళ్లు, సాస్‌లు ఉన్న అరల ముందు అరగంట గడపండి. ప్రతి ప్యాకెట్టు వెనకా తయారీదారు చిరునామా ఉందేమో చూడండి. "మార్కెటింగ్ చేసినవారు" ఒకరు, "తయారుచేసినవారు" ఇంకొకరు అయితే పని ఉన్నది రెండో చిరునామాలో. ఒకే తయారీదారు నాలుగైదు బ్రాండ్లకు చేసి ఇవ్వడం మామూలే. అలాంటి యూనిట్లో ఎప్పుడూ ఏదో ఒక ఆర్డరు నడుస్తుంటుంది. ఇరవై ప్యాకెట్లు చూస్తే మీకు వెళ్లగలిగినంత దూరంలో నాలుగైదు ఫ్యాక్టరీలైనా తేలతాయి.

ఇంకో దారి, ఫ్యాక్టరీలన్నిటికీ తిరిగేవాళ్లను పట్టుకోవడం. ప్యాకింగ్ యంత్రాలు బాగుచేసేవాళ్లు, చీడపురుగుల నివారణ చేసేవాళ్లు, పౌచ్ ఫిల్మ్ అమ్మేవాళ్లు, బయటి పరీక్షా ల్యాబ్‌ల వాళ్లు. ఎక్కడ కొత్త లైన్ పడుతోందో ప్రకటన రాకముందే వీళ్లకు తెలుస్తుంది.

కాలం కూడా చూసుకోండి. పంట చేతికొచ్చి సరుకు దిగే నెలల్లో శాంపిలింగ్, శుభ్రం చేసే విభాగాల్లో మనుషులు కావాలి. అమ్మకాలు పెరిగే కాలానికి రెండు మూడు నెలల ముందు ప్యాకింగ్‌లో కావాలి. తాత్కాలికమని చిన్నచూపు చూడకండి, పర్మినెంట్ ఖాళీ వస్తే ముందు చూసేది ఆ లిస్టునే.

5. బయోడేటా ఒక్క పేజీ

"కష్టపడే తత్వం, బృందంతో కలిసి పనిచేసే గుణం" లాంటివి కొట్టేయండి. అంకెలు రాయండి. "ప్యాకింగ్‌లో రెండేళ్లు పనిచేశాను" అనే బదులు, "100 గ్రాముల పౌచ్ లైన్, రోజుకు ఎనిమిది గంటల షిఫ్టు, గంటకోసారి తూకం, సీలు పరీక్ష చేసి రికార్డు రాసేవాడిని" అని రాస్తే మనిషి కళ్లముందు కనబడతాడు.

అనుభవం లేదా? వేరే చోట చేసిన పనిలో దగ్గరది వెతకండి. హోటల్ వంటగదిలో డబ్బాల మీద తేదీలు వేసి పాతది ముందు వాడటం స్టోర్స్ పనికి పునాది. మందుల దుకాణంలో బ్యాచ్ నంబర్లు చూసినవాళ్లకు బ్యాచ్ రికార్డు కొత్త కాదు. పంట ఆరబెట్టిన రైతుకు గుప్పిట్లో పట్టుకోగానే తేమ అందాజుగా తెలుస్తుంది. అది కూడా రాయండి.

6. ఇంటర్వ్యూ: తప్పు జరిగితే ఏం చేస్తావు?

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు గోళ్లు కత్తిరించుకోండి. అత్తరు, సెంటు వద్దు. ఉంగరం, గడియారం, గాజులు తీసి వెళ్లండి. లైన్ చూపిస్తామని లోపలికి తీసుకెళ్తే, ఎవరూ చెప్పకముందే చేతులు కడుక్కునే చోటు ఎక్కడని అడగండి. సగం ఇంటర్వ్యూ అక్కడే అయిపోతుంది.

ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకే ధోరణిలో ఉంటాయి. నేను తప్పకుండా అడిగేది ఇది: "మెటల్ డిటెక్టర్‌ను గంటకోసారి టెస్ట్ ముక్కలతో పరీక్షిస్తావు. పది గంటలకు బాగానే పనిచేసింది. పదకొండుకు స్టీలు ముక్కను పట్టలేదు. ఏం చేస్తావు?" చాలామంది "సూపర్‌వైజర్‌కు చెప్తాను" అని ఆగిపోతారు. కొందరు "మళ్లీ పరీక్షిస్తాను" అంటారు. నాకు కావలసిన జవాబు: లైన్ ఆపుతాను, పది నుంచి పదకొండు దాకా వెళ్లిన ప్యాకెట్లన్నీ పక్కన పెట్టి "హోల్డ్" అని రాస్తాను, సూపర్‌వైజర్‌కు చెప్తాను, యంత్రం బాగయ్యాక వాటన్నిటినీ మళ్లీ దాని గుండా పంపుతాను, ఇదంతా రికార్డులో రాస్తాను. చివరిసారి బాగుందని తెలిసిన క్షణం దాకా వెనక్కి వెళ్లడం, అదీ అసలు విషయం. స్టీలు పట్టుకోవడం ఇనుము కంటే కష్టమని కూడా అంటే ఇంకా సంతోషం.

"రాత్రి విరేచనాలయ్యాయి, పొద్దున తగ్గింది, సెలవు పెడితే జీతం కోస్తారు. వస్తావా?" ఇదో ప్రశ్న. విషయం ముందు చెప్పకుండా పనిలోకి రాను అనాలి. చాలా ఫ్యాక్టరీల్లో లక్షణాలు తగ్గిన 48 గంటల దాకా ఆహారం ముట్టుకోనివ్వరు. వేరే పని ఇస్తారా అని మీరూ ఎదురు అడగవచ్చు, తప్పేం లేదు.

కాస్త ఇరకాటపు ప్రశ్న మరొకటి: "చెక్ చేయడం మరిచిపోయావు. ఆడిటర్ వస్తున్నాడు. సూపర్‌వైజర్ అంకెలు నింపేయమన్నాడు." తలూపేవాళ్లను నేను తీసుకోలేదు. ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన కారణం రాసి సంతకం పెడతానన్న కుర్రాడికి రసాయన శాస్త్రం అంతంతమాత్రమే. అయినా తీసుకున్నాం.

7. మీరు కూడా ఫ్యాక్టరీని పరీక్షించండి

లైన్ చూపించినప్పుడు కళ్లు తెరిచి చూడండి. మర దగ్గర దుమ్ము లాగే గొట్టాలు ఉన్నాయా? పనివాళ్ల మొహాలకు సరైన మాస్కులా, గుడ్డ పేలికలా? దూలాల మీద, ట్యూబులైట్ల మీద పొడి పేరుకుందా? అది కంటికి అసహ్యమే కాదు, ప్రమాదం కూడా. సన్నటి ఎండు పొడి గాలిలో దట్టంగా లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుడే. మరలకు బెల్టుల మీద కవర్లు ఉన్నాయా, ఊడదీసి పక్కన పడేశారా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. మరుగుదొడ్లు చూపించమనండి. పనివాళ్ల మరుగుదొడ్డి ఎలా ఉందో ఆ కంపెనీ క్వాలిటీ కూడా అలాగే ఉంటుందని నా లెక్క.

కాగితం మీద ఉండాల్సినవి: జీతం ఎంత, ఓవర్‌టైమ్ ఎలా లెక్కిస్తారు, జీతం ఇచ్చేది కంపెనీయా కాంట్రాక్టరా, కోతలు వేటికి, యూనిఫాం, బూట్ల ఖర్చు ఎవరిది. ఉద్యోగం ఇప్పిస్తానని ముందు డబ్బు అడిగేవాడిని నమ్మకండి. "ఇంట్లో కూర్చుని మసాలా ప్యాకింగ్, డిపాజిట్ కట్టండి" అన్న ప్రకటన కనిపిస్తే దాటి వెళ్లిపోండి. వేరే దేశంలో పని అయితే కాంట్రాక్టు మీకు అర్థమయ్యే భాషలో చదివించుకోండి, పాస్‌పోర్టు ఎవరి చేతికీ వదలకండి.

8. చేరాక మొదటి మూడు నెలలు

జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి కొనుక్కోండి. లైన్ మీదికి తీసుకెళ్లనివ్వరు, లాకర్లో పెట్టుకుని షిఫ్టు అయ్యాక రాయండి: ఇవాళ లైన్ ఎన్నిసార్లు ఆగింది, ఎందుకు, ఎవరు ఎలా సరిచేశారు. మూడో నెలకల్లా పదే పదే వచ్చే సమస్యలు నాలుగైదు కనిపిస్తాయి. వాటిలో మీకు పరిష్కారం తోచినదాన్ని పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లండి. ల్యాబ్‌లోకో, మెయింటెనెన్స్‌లోకో, మిక్సింగ్‌లోకో మారాలనుంటే ఆ మాట కూడా అప్పుడే అడగండి. వారానికి ఒక రోజు అక్కడ నేర్చుకోనిస్తారా అని అడిగితే, కాదనడం వాళ్లకు కష్టం.